హాంబర్గ్: నది పెంచిన ఊరా, దస్తావేజు పెంచిన ఊరా?

ఎల్బే_ఒడ్డున:

సభ్యులందరికీ నమస్కారం. ఆరేళ్లుగా హాంబర్గ్‌లో ఉంటున్నాను. మన వేదికలో బెర్లిన్ గురించీ మ్యూనిక్ గురించీ చర్చలు చాలానే జరిగాయి గాని, జర్మనీలో రెండో పెద్ద నగరమైన ఈ ఊరిని ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్లు లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఇక్కడి కార్ల నంబరు పలకల మీద మొదట రెండు ‘హెచ్’ అక్షరాలుంటాయి. వాటి అర్థం ‘హన్సా నగరం హాంబర్గ్’. నడియుగాల నాటి వర్తక కూటమి పేరును నేటికీ బండి వెనుక తగిలించుకుని తిరిగే ఊరు ఇది. పరిపాలన రీత్యా ఇది కేవలం నగరం కాదు, జర్మనీలోని పదహారు రాష్ట్రాలలో ఒకటి. కాబట్టి ఇక్కడి మేయరు మన లెక్కలో ముఖ్యమంత్రితో సమానం. రాజులెవరూ దీన్ని రాజధానిగా ఏలలేదు. వర్తకులు, వాళ్ల సెనేటు ఏలారు.

ఏటా మే నెలలో రేవు పుట్టినరోజు జరుపుతారు. 1189 మే 7న చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోస్సా ఈ ఊరి వర్తకులకు ఇక్కడి నుంచి సముద్రం దాకా సుంకం లేకుండా ఓడలు నడుపుకునే హక్కు ఇచ్చాడని చెబుతారు. సముద్రం మాత్రం ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. అంత లోపల ఉన్న ఊరు ఐరోపాలో మూడో పెద్ద కంటెయినర్ రేవు ఎలా అయిందన్నది నా ప్రశ్న. ఎల్బే నది పెంచిందా, లేక ఆ సుంకం మినహాయింపు పట్టా పెంచిందా?

పాత_దస్తావేజు:

మంచి ప్రశ్న వేశారు. అయితే మీరు చెప్పిన ఆ పట్టా నకిలీదని ముందే చెప్పేస్తే చర్చకు మేలు. ఇప్పుడు భద్రంగా ఉన్న పత్రం 1189 నాటిది కాదు. చక్రవర్తి చనిపోయిన ఎన్నో దశాబ్దాలకు, పదమూడో శతాబ్దంలో, ఇక్కడి పెద్దలు రాయించుకున్నదని చరిత్రకారులు తేల్చారు. నోటిమాటగా హక్కు ఇచ్చి ఉండవచ్చని కొందరి అభిప్రాయం. ఎగువన దిగువన ఉన్న ప్రభువులు సుంకాల కోసం తగాదాకు దిగినప్పుడు చేతిలో కాగితం లేకపోతే కుదరదు కాబట్టి కాగితం పుట్టించారు. ప్రతి మే నెలలోనూ లక్షలాది జనం రేవుగట్టున చేరి జరుపుకునేది నిజానికి ఆ కాగితం పుట్టినరోజే.

నా వాదన ఏమిటంటే, దస్తావేజు నకిలీదైనా దాని వల్ల కలిగిన వ్యాపారం మాత్రం అసలైనదే. డెన్మార్క్ జలసంధి చుట్టూ తిరిగి రావడం ప్రమాదమూ ఖర్చూ కాబట్టి, బాల్టిక్ సముద్రపు సరుకు లూబెక్‌లో దిగి, నేల మీదుగా అరవై డెబ్బై కిలోమీటర్లు బండ్ల మీద వచ్చి, హాంబర్గ్‌లో మళ్లీ ఓడ ఎక్కేది. 1241లో ఈ రెండు ఊళ్లూ దారికాపలాకు ఒప్పందం చేసుకున్నాయి. హన్సా కూటమికి అదొక పునాదిరాయి. హాంబర్గ్ తన సొంత సరుకుగా పంపింది మాత్రం బీరు. పద్నాలుగో శతాబ్దంలో ఈ ఊళ్లో నాలుగు వందలకు పైగా బీరు కాచే ఇళ్లుండేవి. హాప్ పూలు వేసి కాచిన బీరు చాలాకాలం నిలవ ఉంటుంది కాబట్టి ఆమ్‌స్టర్‌డామ్ దాకా ఓడల్లో వెళ్లేది.

ఆ తరువాత కూడా ఈ ఊరి ఘనకార్యాల జాబితా చూడండి: 1558లో వర్తకుల ఎక్స్ఛేంజి, 1619లో బ్యాంకు, 1676లో అగ్ని బీమా నిధి. కోటలూ కిరీటాలూ కనబడవు, అన్నీ పద్దుపుస్తకాలే. ఆ బ్యాంకు స్థాపనలో ఐబీరియా నుంచి మతహింసకు తాళలేక వచ్చి స్థిరపడిన పోర్చుగీసు యూదు వర్తకుల భాగస్వామ్యం ఉందన్నది మరువరాదు.

విశాఖ_రేవు:

రేవులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయినవాణ్ని. మాస్టారు దస్తావేజు పక్షం వహించారు కాబట్టి నేను నది పక్షం వహిస్తాను.

మా విశాఖలో ఓడ సముద్రం నుంచి మలుపు తిరిగితే చాలు, రేవులో ఉంటుంది. హాంబర్గ్‌కు వచ్చే పెద్ద కంటెయినర్ ఓడ నదిలో గంటల తరబడి పైలట్ల చేతి మీదుగా ప్రయాణించాలి. ఎల్బేలో సముద్రపు ఆటుపోట్లు ఊరి దాకా వస్తాయి. సాంక్ట్ పౌలి దగ్గర పోటుకూ పాటుకూ నీటిమట్టంలో మూడున్నర మీటర్లకు పైగా తేడా ఉంటుంది. బాగా లోతుగా మునిగే ఓడ పోటు వెంబడే లోపలికి రావాలి, బయటికి వెళ్లేటప్పుడూ గడియారం చూసుకునే కదలాలి. ఒక్క గంట ఆలస్యమైతే తరువాతి పోటు దాకా ఆగవలసిందే. రేవులో పనిచేసినవాళ్లకు ఆ ఒక్క గంట ఖరీదు తెలుస్తుంది.

ఇంత ఇబ్బంది ఉన్నా ఓడలు ఎందుకు వస్తాయంటే, సరుకు లోపలి దాకా నీటి మీద రావడం చౌక. రేవు నుంచి రైలెక్కితే చెకియా, ఆస్ట్రియా, పోలెండ్ దాకా వెళ్లిపోతుంది. ఐరోపా రేవులలో రైలు రవాణాకు హాంబర్గ్‌ది అగ్రస్థానం. 2007లో ఇక్కడ ఇరవై అడుగుల కొలతలో 99 లక్షల కంటెయినర్లు చేతులు మారాయి. 2023 నాటికి అది 77 లక్షలకు పడిపోయింది. రాటర్‌డామ్, ఆంట్వెర్ప్ రేవులు ముందుకు పోయాయి. పట్టా మారలేదు గదా, ఓడలు పెద్దవయ్యాయి, నది మాత్రం అంతే ఉంది.

ఆల్టోనా_కోడలు:

నాకు ఇక్కడికి వచ్చి పదిహేనేళ్లయింది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. నదీ పత్రమూ అంటూ మీరిద్దరూ ఊరు ఎలా పెరిగిందో చెబుతున్నారు. పెరిగేటప్పుడు ఎవరు మూల్యం చెల్లించారో చెప్పడానికి 1892 కలరా గురించి రాయక తప్పదు.

మా ఆల్టోనా ఇప్పుడు హాంబర్గ్‌లో ఒక పేట. 1937 దాకా అది వేరే ఊరు. రెండు శతాబ్దాలకు పైగా డెన్మార్క్ రాజు కింద ఉండి, 1860లలో ప్రష్యా చేతికి వచ్చింది. రెండు ఊళ్ల ఇళ్లూ ఆనుకునే ఉండేవి, కొన్నిచోట్ల వీధికి ఒక వైపు హాంబర్గ్, రెండో వైపు ఆల్టోనా. రెండూ తాగింది ఎల్బే నీళ్లే. హాంబర్గ్ ఊరికి ఎగువన నీళ్లు తోడుకుని, తేర్చి, వడగట్టకుండానే కుళాయిల్లోకి పంపేది. ఆల్టోనా దిగువన, అంటే హాంబర్గ్ మురుగంతా కలిసిన తరువాత, నీళ్లు తీసుకునేది. అయినా ఆల్టోనా ఆ నీటిని ఇసుక పడకల గుండా నెమ్మదిగా వడగట్టి ఇచ్చేది.

1892 ఆగస్టులో కలరా వచ్చింది. హాంబర్గ్‌లో దాదాపు 17,000 మందికి సోకింది, సుమారు 8,600 మంది చనిపోయారు. ఆల్టోనాలో మాత్రం అటువంటి విలయం లేదు. అన్నిటికన్నా ఒళ్లు జలదరించే సంగతి ఏమిటంటే, సరిహద్దులో హాంబర్గ్ వైపే ఉన్న ఒక ఇళ్ల సముదాయానికి ఏవో కారణాల వల్ల ఆల్టోనా నీటి గొట్టం కలిపి ఉంది. చుట్టూ చావులు జరుగుతుంటే ఆ ప్రాంగణంలోని వాళ్లకు ఏమీ కాలేదు. ఎనిమిదేళ్ల ముందే కోల్‌కతాకు వచ్చి అక్కడి చెరువుల నీటిలో కలరా సూక్ష్మజీవిని పరిశీలించిన రాబర్ట్ కోఖ్‌ను బెర్లిన్ ప్రభుత్వం హాంబర్గ్‌కు పంపింది. రేవు వెనుక ఇరుకు సందుల్లో పేదల ఇళ్లు తిరిగి చూసిన ఆయన, తాను ఐరోపాలో ఉన్న సంగతే మరిచిపోతున్నానని అన్నాడు. ఆ మాటలో మన దేశాల వైపు ఒక చిన్నచూపు ఉంది. అదీ గమనించాలి.

వడపోత కేంద్రానికి డబ్బు మంజూరు చేయడానికి సెనేటూ ప్రజాసభా ఏళ్ల తరబడి బేరాలాడాయి. ఖర్చు ఎవరి పద్దులో వేయాలన్నదే పేచీ. కలరా అని ప్రకటిస్తే ఓడలకు క్వారంటైన్ పెడతారు, వ్యాపారం ఆగిపోతుంది కాబట్టి ప్రకటనా ఆలస్యమైంది. ఓటు హక్కు ఆదాయం ఉన్నవాళ్లకే ఉండేది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఓటు లేనివాళ్లు. మరుసటి ఏడాదికల్లా కాల్టెహోఫే దీవిలో ఇసుక వడపోత మొదలైంది. నగర సభాభవనం లోపలి ముంగిట్లో ఆరోగ్యదేవత హైజియా విగ్రహంతో ఒక ఫౌంటెన్ ఉంది. పాదాల కింద రాక్షస సర్పం, చేతిలో నీటి పాత్ర. పర్యాటకులు దాని అంచున కూర్చుని ఐస్‌క్రీమ్ తింటుంటారు. అది కలరా గుర్తుకు కట్టినదని చెప్పే పలకను చదివేవాళ్లు నాకు అరుదుగానే కనిపించారు.

పాత_దస్తావేజు:

అమ్మా, మీరు రాసినది చదివాక నా పద్దుపుస్తకాల మెచ్చుకోలు కొంత తగ్గించుకోవలసి ఉంది. 1842లో నాలుగు రోజుల అగ్నిప్రమాదంలో పాత ఊరిలో దాదాపు మూడో వంతు కాలిపోయినప్పుడు, ఇంగ్లీషు ఇంజనీరు విలియం లిండ్లీ చేత ఆ కాలానికి ఐరోపాలోనే కొత్తదైన భూగర్భ మురుగు కాలువలు వేయించింది ఈ సెనేటే. మురుగు పోయే దారికి ముందుచూపు చూపినవాళ్లు, తాగే నీటి దగ్గర చేయి బిగించారు.

ఎల్బే_ఒడ్డున:

దానికి కారణాలలో ఒకటి డబ్బు అప్పుడు మరో చోటికి పోతుండడం కావచ్చునని నా అనుమానం. నీటి వడపోతకు బేరాలు సాగుతున్న 1880లలోనే గిడ్డంగుల పేట కట్టారు. ‘ష్పైషర్‌ష్టాట్’ అంటే అక్షరాలా గిడ్డంగుల నగరమే.

హాంబర్గ్ జర్మన్ సామ్రాజ్యంలో ఉన్నా సుంకాల సరిహద్దుకు బయటే ఉండేది. సామ్రాజ్య ఛాన్సలర్ బిస్మార్క్ ఒత్తిడితో 1881లో ఒప్పందం కుదిరి, 1888 అక్టోబరులో ఊరు లోపలికి చేరింది. వర్తకులు ఊరికే లొంగలేదు. రేవులో ఒక భాగాన్ని సుంకం లేని మండలంగా మిగుల్చుకున్నారు, దాని నిర్మాణానికి సామ్రాజ్యం నుంచి నాలుగు కోట్ల మార్కులు రాబట్టారు. మాస్టారి నకిలీ పట్టా కథకు ఇది ఏడు వందల ఏళ్ల తరువాతి రెండో అధ్యాయం. ఆ గిడ్డంగుల కోసం రెండు దీవుల మీది ఇళ్లన్నీ పడగొట్టారు. సుమారు ఇరవై వేల మంది కదలవలసి వచ్చింది. వాళ్లకు ప్రత్యామ్నాయంగా ఇళ్లు కట్టించిన దాఖలా లేదు. పేదలు మిగిలిన ఇరుకు సందుల్లోకే కిక్కిరిశారు. కోఖ్ చూసింది ఆ సందులనే.

గిడ్డంగుల పనితీరు మాత్రం చూసి తీరవలసిందే. ఓక్ దుంగలు బురదలో దించి వాటి మీద ఎర్ర ఇటుకల భవనాలు లేపారు. ప్రతి భవనానికీ ఒక ముఖం కాలువ వైపు, రెండోది వీధి వైపు. కప్పు కింద చిన్న రాగి టోపీలా పొడుచుకు వచ్చిన చోట కప్పీ ఉంటుంది. పడవలోంచి కాఫీ బస్తా తాడు మీద పైకి లేస్తుంటే, ఏ అంతస్తులో దించాలో ఆ తలుపు దగ్గర మనిషి నిలబడి లోపలికి లాగేవాడు. పాటు సమయంలో కాలువ అడుగు బురద బయటపడుతుంది కాబట్టి పడవలు పోటు చూసుకుని రావలసిందే. నేను ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలో ఒక తివాచీల గిడ్డంగి తలుపు తెరిచి ఉంటే లోపలికి తొంగిచూశాను. నడుమెత్తు తివాచీల దొంతరలు, మధ్యలో ఒక పెద్దాయన టీ తాగుతూ, పాత ఊలు వాసన. 2013 జనవరి 1తో సుంకం లేని మండలం రద్దయింది. 2015లో ఈ పేటను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఇప్పుడు చాలా అంతస్తుల్లో మ్యూజియంలు, ప్రకటనల కంపెనీల ఆఫీసులు.

రాగం_తానం:

అందరూ సరుకు గురించే రాస్తున్నారు. ఈ ఊరు సంగీతాన్ని కూడా సరుకులాగే టిక్కెట్టు పెట్టి అమ్మింది, అందుకు నేను నొచ్చుకోవడం లేదు. మిగతా జర్మన్ ఊళ్లలో ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, రాజుగారి ముచ్చట. 1678లో గెన్సెమార్క్ట్ దగ్గర తెరిచిన ఒపేరా భవనంలోకి డబ్బు చెల్లించిన ఎవరైనా వెళ్లవచ్చు. జర్మన్ ప్రాంతాల్లో అటువంటిది అదే మొదటిది. తరువాత పెద్ద స్వరకర్తలైన వాళ్లలో యువకుడైన హాండెల్ అక్కడి వాద్యబృందంలో పనిచేశాడు. టెలిమాన్ 1721లో వచ్చి చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. స్వరకర్త బ్రామ్స్ ఇక్కడే పుట్టాడు, కాని పేరు వచ్చాక వియన్నాలో స్థిరపడ్డాడు. పుట్టిన ఊరు కోరుకున్న ఉద్యోగం ఇవ్వలేదన్న బాధ ఆయనకు చివరిదాకా ఉండేది.

1960 ఆగస్టులో లివర్‌పూల్ నుంచి వచ్చిన బీటిల్స్ కుర్రాళ్లు సాంక్ట్ పౌలిలోని ఇంద్ర అనే క్లబ్బులో రాత్రికి గంటల కొద్దీ వాయించారు. పేరు మన దేవేంద్రుడిదే. అందులో ఒకడైన జార్జ్ హారిసన్‌కు పద్దెనిమిదేళ్లు నిండలేదని తెలిసి వెనక్కి పంపేశారు.

ఇక ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ సంగతి. కోకో, టీ నిలవచేసిన 1960ల నాటి గిడ్డంగి గోడలను అలాగే ఉంచి, వాటి నెత్తిన గాజు అలలా లేపిన సంగీతశాల అది. ప్రజల మీద పడే ఖర్చు 7.7 కోట్ల యూరోలని మొదట చెప్పి, చివరికి 78.9 కోట్లకు తేల్చారు. ఆరేళ్లకు పైగా ఆలస్యంగా 2017 జనవరిలో తెరిచారు. లోపల గోడలకు, ఏ రెండూ ఒకేలా ఉండని పది వేల జిప్సం పలకలు బిగించారు. ధ్వని చెదరడానికి వాటి మీద గవ్వల్లాంటి గుంటలు చెక్కారు. పై వరుసలో కూర్చున్నా వయొలిన్ కమాను తీగను తాకే క్షణం వినిపించింది నాకు. ఖర్చు సమర్థించలేను, ఆ శబ్దాన్ని తప్పుపట్టనూ లేను.

ఆల్టోనా_కోడలు:

చిన్న చేర్పు. ఇంద్ర ఉన్న వీధి పేరు ‘గ్రోస్సె ఫ్రైహైట్’, అంటే గొప్ప స్వేచ్ఛ. పర్యాటకులు ఆ పేరును రాత్రి వినోదాలకు ముడిపెట్టి నవ్వుకుంటారు. అసలు అర్థం అది కాదు. హాంబర్గ్‌లో లూథరన్లు కానివాళ్లకు ఆరాధనాస్థలం కట్టుకోనివ్వని రోజుల్లో, వృత్తి సంఘాలలో చేరనిదే పని చేసుకోనివ్వని రోజుల్లో, ఆల్టోనా వైపున్న ఆ వీధిలో రెండింటికీ అనుమతి ఉండేది. క్లబ్బుల మధ్య ఇప్పటికీ క్యాథలిక్ చర్చి ఉంది, చూడండి.

మదనపల్లె_మాస్టారు:

మనకు సంబంధించిన ఒక ముడి ఎవరూ విప్పలేదు. 1942 సెప్టెంబరు 11న హాంబర్గ్‌లో జర్మన్–భారత సంఘం ప్రారంభ సభ జరిగింది. సుభాస్ చంద్రబోస్ హాజరైన ఆ సభలో వాద్యబృందం ‘జనగణమన’ వాయించింది. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఐదేళ్ల ముందే విదేశీ గడ్డ మీద అది మన జాతీయ గీతంగా మోగింది. అదే పాటను 1919లో రవీంద్రుడు మా మదనపల్లె బిసెంట్ కళాశాలలో ఉండగా ఇంగ్లీషులోకి మార్చారు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాశారు. బోస్ వెంట జర్మనీలో పనిచేసిన ఆబిద్ హసన్ హైదరాబాదు వాడు. ‘జైహింద్’ అన్న నినాదాన్ని సూచించింది ఆయనేనని చెబుతారు. ఎప్పుడైనా హాంబర్గ్ వస్తే ఆ సభ జరిగిన ఊరికి దండం పెట్టుకోవాలని నా కోరిక.

ఆల్టోనా_కోడలు:

మాస్టారూ, మీ కోరికను గౌరవిస్తూనే ఒక మాట. ఆ సభ జరిగిననాటికి ఇదే ఊరి అంచున నోయెన్‌గామ్మె నిర్బంధ శిబిరంలో ఖైదీలు ఇటుకలు చేస్తున్నారు. లక్షకు పైగా మంది ఆ శిబిరం, దాని అనుబంధ శిబిరాల గుండా వెళ్లారు. కనీసం 42,900 మంది చనిపోయారు. పాట మనదే, ఆ సభకు ఆతిథ్యమిచ్చిన ప్రభుత్వం మాత్రం నాజీలది. మా వీధి కాలిబాటలో ఇళ్ల ముందు చిన్న ఇత్తడి పలకలు పొదిగి ఉంటాయి. అక్కడి నుంచి తీసుకుపోబడిన మనిషి పేరు, పుట్టిన సంవత్సరం, చంపబడిన చోటు. చదవాలంటే తల వంచక తప్పదు.

మదనపల్లె_మాస్టారు:

మీరు చెప్పింది నిజమేనమ్మా. సభ మాత్రమే గుర్తుపెట్టుకుని శిబిరాన్ని మరవడం నా వైపు లోపమే. వస్తే రెండు చోట్లకూ వెళతాను.

పాత_దస్తావేజు:

ఆ సభ జరిగిన పది నెలలకు, 1943 జూలై చివర, బ్రిటిష్, అమెరికన్ విమానాలు ఈ ఊరిపై పది రోజులకు పైగా దాడులు చేశాయి. జూలై 27 రాత్రి మంటలన్నీ ఒక్కటై అగ్నిసుడిగాలిగా మారి, రేవు కార్మికులు కిక్కిరిసి ఉన్న హామర్‌బ్రూక్ వంటి పేటలను తుడిచిపెట్టాయి. మృతులు 35,000 ప్రాంతమని అంచనా. 1870లలో రెండేళ్లపాటు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడంగా నిలిచిన నికొలాయ్ చర్చి శిఖరం విమానాలకు గురిగా ఉపయోగపడింది. చర్చి కూలింది, శిఖరం నిలిచింది. దాన్ని అలాగే స్మారకంగా ఉంచారు.

ఎల్బే_ఒడ్డున:

ఇంకొక్క విషయం రాసి నేను ఆగుతాను. 1962 ఫిబ్రవరి 16 రాత్రి ఉత్తర సముద్రపు తుపాను నీటిని నదిలోకి తోసింది. గట్లు తెగాయి. ఊరిలో 315 మంది చనిపోయారు. ఎక్కువమంది విల్‌హెల్మ్స్‌బుర్గ్ దీవిలో, బాంబుదాడుల్లో ఇల్లు పోగొట్టుకుని తోట గుడిసెల్లోనే ఉండిపోయినవాళ్లు. అప్పట్లో పోలీసు శాఖ చూసే సెనేటరు హెల్ముట్ ష్మిట్ అధికార పరిధులు చూసుకోకుండా సైన్యాన్ని పిలిపించాడు. తరువాత దేశ ఛాన్సలరయ్యాడు. పతకాలు స్వీకరించకూడదన్న పాత హన్సా ఆనవాయితీ ప్రకారం దేశపు బిరుదును వద్దన్నాడు.

పాత రేవు స్థలంలో 157 హెక్టార్లలో కడుతున్న హాఫెన్‌సిటీ పేటను గట్టు వెనుక దాచలేదు. నేలనే సముద్రమట్టానికి ఎనిమిది మీటర్లకు పైన లేపి కట్టారు. నీటి ఒడ్డు నడకదారి మాత్రం కిందనే ఉంది. తుపాను రోజున భవనాల కింది అంతస్తుల ఉక్కు తలుపులు మూస్తారు, కిటికీలో నుంచి నీళ్లు చూస్తూ జనం పనిచేసుకుంటారు. 1703 నుంచి ఆదివారం తెల్లవారుజామున జరిగే చేపల సంత కూడా ఏడాదిలో కొన్నిసార్లు నీట మునుగుతుంది. నీరు తీశాక గచ్చు కడిగి మళ్లీ బల్లలు వేస్తారు.

ఇప్పటి ఊరు రేవు మీదే బతకడం లేదన్నదీ చెప్పాలి. ఫింకెన్‌వెర్డెర్‌లో ఎయిర్‌బస్ విమానాలు, పత్రికల సంస్థలు, రాగి కర్మాగారం వేల మందికి జీతాలిస్తున్నాయి. రేవు నడిపే ప్రధాన కంపెనీలో దాదాపు సగం వాటాను 2024లో స్విస్ ఓడల సంస్థ ఎంఎస్‌సీకి ఇవ్వడానికి నగర ప్రజాసభ ఒప్పుకుంది. కార్మికులు వీధికెక్కినా, 50.1 శాతం తన చేతిలోనే ఉందని నగరం సమాధానం చెప్పింది.

విశాఖ_రేవు:

మొదటి ప్రశ్నకే వస్తాను. ఏళ్ల తరబడి కోర్టు వ్యాజ్యాల తరువాత నదిని మళ్లీ లోతు చేశారు. 2022 జనవరిలో కొత్త డ్రాఫ్టులు, అంటే ఓడ నీటిలో మునగగల లోతులు, ప్రకటించారు: పోటుతో పనిలేకుండా 13.5 మీటర్లు, పోటు వెంబడి అయితే 14.5 మీటర్లు. ఆ ఏడాది తిరగకముందే పూడిక పేరుకుని సుమారు ఒక మీటరు తగ్గించవలసి వచ్చింది. దస్తావేజు మాస్టారు దీనికి ఏమంటారో చూడాలి.

పాత_దస్తావేజు:

ఆ ఒక్క మీటరూ మీకే వదిలేస్తున్నానండీ.